మెడూసా చేతిలో ఆ తల ఎవరిది?

మళ్లీ ఆ ఫోటో ఫోన్లలో తిరుగుతోంది. గ్రీకు పురాణాల్లోని మెడూసా శిల్పం అది: తల నిండా పాములతో నగ్నంగా నిలబడ్డ స్త్రీ. ఒక చేతిలో కత్తి. ఇంకో చేతిలో, జుట్టు పట్టుకుని కిందికి వేలాడేసిన మగమనిషి తల. హాలీవుడ్ నిర్మాత హార్వీ వైన్‌స్టీన్ మీది లైంగిక దాడుల కేసు కదిలినప్పుడల్లా ఇది బయటికొస్తుంది, దాని వెంటే పాత గొడవా వస్తుంది. మెడూసాను చెరిచింది సముద్రదేవుడు పొసైడన్ అయితే, ఆ తల ఆమెను చంపిన వీరుడు పెర్సియస్‌ది ఎందుకయింది? ఆడవాళ్ల కోపానికి గుర్తుగా నిలబెట్టిన బొమ్మ మగ శిల్పి చేసిందా? పోనీ చేశాడు, ఒళ్లు అంత నున్నగా ఎందుకుంది?

కథ క్లుప్తంగా ఇంతే: మెడూసాను నేరుగా చూస్తే రాయైపోతారు, పెర్సియస్ అద్దంలాంటి డాలులో ఆమె ప్రతిబింబం చూస్తూ తల నరికాడు. నా లెక్కలో ఈ గొడవ మొదలైంది 2018లో, ఎవరో ఆ ఫోటోకి ఒక వాక్యం తగిలించినప్పుడు.

శిల్పం మాత్రం అంతకు పదేళ్ల ముందుది. అర్జెంటీనా, ఇటలీ మూలాలున్న లూచానో గర్బాటి 2008లో చేశాడు. అప్పుడు ఆయన మనసులో ఉన్నది ఇంకో శిల్పం: ఫ్లోరెన్స్ నడిబొడ్డున సిన్యోరియా కూడలిలో ఉన్న బెన్వెనూటో చెల్లీని కంచు పెర్సియస్. నగర పాలకుడు కోసిమో డి మెడిచి చేయించాడు, 1545లో మొదలైతే 1554కి గానీ పూర్తి కాలేదు. అందులో మెడూసా మొండెం ముడుచుకుపోయి కాళ్ల కింద పడి ఉంటుంది. పెర్సియస్ దాని మీద నిలబడి, ఎడమ చేత్తో తలను పైకెత్తి జనానికి చూపిస్తుంటాడు. తెగిన మెడలోంచి కారే నెత్తుటిని కూడా కంచులోనే గుత్తులు గుత్తులుగా పోతపోశాడు చెల్లీని. ఆ రెండు ముఖాలనూ కాస్త ఆగి చూడండి. చంపినవాడిదీ చచ్చినదానిదీ ఒకే ఇంటి పోలిక. ఇద్దరి చూపూ కిందికే వాలి ఉంటుంది.

ఈ గెలుపు అతనిది కాక ఆమెది అయ్యుంటే ఎలా ఉండేది? గర్బాటి వేసుకున్న ప్రశ్న ఇంతే. సీను తిరగేశాడు. అయితే చెల్లీని వీరుడిలా ఆమె తలను పైకెత్తి ఊరికి చూపించదు. చెయ్యి కిందికే ఉంటుంది. తల కొంచెం వంచి, కనుబొమల కింద నుంచి నేరుగా ఎదుటివాళ్లను చూస్తుంది. ఆ ముఖంలో సంబరం కోసం వెతికితే దొరకదు. చెయ్యక తప్పని పని చేసి, ఇంకొకడు వస్తాడేమోనని ఇంకా కత్తి దించని మనిషి చూపు అది. అలసట కూడా ఉంది, నాకైతే కోపం కంటే అదే ముందు కనిపిస్తుంది.

పదేళ్లు దాన్ని పెద్దగా ఎవరూ పట్టించుకోలేదు. 2018 వచ్చింది. లైంగిక వేధింపుల మీద ఆడవాళ్లు నోరు విప్పిన మీటూ ఉద్యమం ఊపు మీదుంది. అమెరికా సుప్రీంకోర్టుకు ప్రతిపాదించిన జడ్జి మీద లైంగిక దాడి ఆరోపణ వచ్చి, సెనేట్ విచారణ టీవీల్లో నడిచిన ఏడాది అది. ఆ రోజుల్లో గర్బాటి శిల్పం ఫోటో ఒక వ్యాఖ్యతో సహా ప్రపంచమంతా తిరిగింది. మేం అడుగుతున్నది సమానత్వమే, బదులు తీర్చుకోవడం కాదు, సంతోషించండి అని దాని సారాంశం. రెండేళ్ల ముందు అధ్యక్ష ఎన్నికల్లో ఇదే చెల్లీని శిల్పానికి ట్రంప్ ముఖం పెట్టి, చేతిలో హిల్లరీ క్లింటన్ తల పెట్టి, కప్పుల మీద, టీషర్టుల మీద అమ్మారు. అది చూసి ఒళ్లు మండినవాళ్లకు ఈ ఫోటో సరైన జవాబులా కనిపించి ఉంటుంది.

చిక్కంతా అక్కడే వచ్చింది. ఫోటో వెంట చెల్లీని శిల్పం రాలేదు. చెల్లీని పక్కనుంటే ఆ తల పెర్సియస్‌దే కావాలి, ఇంకెవరిది పెట్టినా కుదరదు. చెల్లీనిని తీసేసి అత్యాచార బాధితురాలి కథ కింద పెడితే మాత్రం చూసేవాళ్లు అడగాల్సిందే అడిగారు: చెరిచినవాడు ఏడి? శిల్పం ఒక ప్రశ్నకు జవాబు, జనం దాన్ని ఇంకో ప్రశ్న ముందు నిలబెట్టారు.

ఆ ఇంకో ప్రశ్న కూడా అచ్చంగా గ్రీకుది కాదు. గ్రీకు కవి హెసియడ్ చెప్పినదాంట్లో మెడూసా, పొసైడన్ వసంతకాలపు పూల మధ్య మెత్తటి పచ్చికలో కలుసుకుంటారు. బలాత్కారం ఊసు లేదు, శాపమూ లేదు. అథీనా దేవత గుడిలో పొసైడన్ ఆమెను చెరిచాడని, దేవత అతన్ని వదిలేసి ఆమె జుట్టును పాములు చేసిందని రాసింది రోమన్ కవి ఒవిడ్, క్రీస్తుశకం తొలి ఏళ్లలో. అదీ ఎవరి నోట? తన పెళ్లి విందులో కూర్చున్న పెర్సియస్ నోట. తల నరికినవాడే ఆమెకు జరిగిన అన్యాయం గురించి అతిథులకు కబురు చెబుతాడు. (మన అహల్య గుర్తొస్తే తప్పు లేదు. వాల్మీకిలో ఆమె ఎవరికీ కనబడకుండా బూడిదలో పడి ఉంటుంది, రాయి కావడం తర్వాతి కథల్లో వచ్చి చేరింది.)

విమర్శకులు అడిగిన మిగతా రెండు ప్రశ్నలు మాత్రం ఫోటోవి కావు, శిల్పానివే. మెడూసా లోపలి బాధను మొదట పట్టుకున్నది గర్బాటి కాదు. అమెరికన్ శిల్పి హారియెట్ హాస్మర్ ఇరవై రెండేళ్ల వయసులో రోమ్ వెళ్లి, 1854 ప్రాంతంలో మెడూసా పాలరాతి శిల్పం చేసింది. జుట్టు అలలు అలలుగా ఉంటుంది, చివర్లు అప్పుడప్పుడే పాములవుతుంటాయి. రాక్షసి అయిపోయాక కాదు, అవుతున్న క్షణంలో ఉన్న అమ్మాయి. పాము అచ్చు కోసం బతికున్న పామును తెప్పించి, చంపడానికి చేతులు రాక, క్లోరోఫామ్ ఇచ్చి అచ్చు తీసి వదిలేసిందని చెబుతారు.

ఫ్రాన్స్‌లో కమీల్ క్లోడెల్ ఇంకా దూరం వెళ్లింది. 1897లో మొదలుపెట్టి 1902 నాటికి పాలరాతిలో పూర్తి చేసిన పెర్సియస్ శిల్పంలో, అతని చేతిలోని మెడూసాకు తన పోలికలే ఇచ్చింది. పేరున్న శిల్పి రోడాన్‌కు శిష్యురాలిగా, ప్రియురాలిగా ఉండి, అతని నుంచి విడిపోయాక చేసిన పని. 1913లో ఇంట్లోవాళ్లు ఆమెను మానసిక చికిత్సాలయంలో చేర్పించారు. ముప్ఫై ఏళ్లు అక్కడే ఉండి 1943లో పోయింది. ఇలాంటి ముఖాలు ఉండగా, ఉద్యమానికి గుర్తుగా ఒక మగవాడు చేసిన, ఒంటిమీద వెంట్రుక లేని, మోడల్‌లాంటి శరీరమే దొరికిందా అన్నది ఆడవాళ్ల ప్రశ్న. ‘మీ టూ’ అనే మాటతో 2006లోనే పని మొదలుపెట్టిన తరానా బర్క్ నల్లజాతి మహిళ అని కూడా వాళ్లు గుర్తుచేశారు. కత్తి పట్టినా సరే, ఆమె అందంగానే ఉండాలా?

ఇంతకీ ఈ గొడవ ముదిరింది 2020 అక్టోబరులో. ఏడడుగుల కంచు ప్రతిని న్యూయార్క్‌లోని కలెక్ట్ పాండ్ పార్కులో, మాన్‌హాటన్ క్రిమినల్ కోర్టు ఎదురుగా నిలిపారు. అదే ఏడాది ఆ కోర్టులోనే వైన్‌స్టీన్‌కు 23 ఏళ్ల శిక్ష పడింది. దాంతో 2018 నాటి వ్యాఖ్యకు ఒక చిరునామా కూడా దొరికినట్టయింది. తన మెడూసా ఆత్మరక్షణలో ఉన్న మనిషి అని గర్బాటి చెప్పుకున్నాడు. వినేంత ఓపిక అప్పటికి ఎవరికీ లేదు.

తమాషా ఏమిటంటే, అదే మాన్‌హాటన్‌లో మెట్రోపాలిటన్ మ్యూజియంలో క్రీ.పూ. 450–440 నాటి ఒక మట్టి జాడీ ఉంది. దాని మీద మెడూసా రాక్షసి కాదు, రెక్కలున్న మామూలు అమ్మాయి. కొండవాలులో నిద్రపోతోంది. పెర్సియస్ కొడవలి ఆమె గొంతు దగ్గర పెట్టి, ముఖం మాత్రం అథీనా వైపు తిప్పుకున్నాడు.

పార్కులోని శిల్పాన్ని 2021లో తీసేశారు, అనుమతే తాత్కాలికం. 2024 ఏప్రిల్‌లో న్యూయార్క్ రాష్ట్ర అత్యున్నత న్యాయస్థానం 4–3 తేడాతో వైన్‌స్టీన్ శిక్షను కొట్టేసింది. మాన్‌హాటన్‌లో మళ్లీ విచారణ జరిగి, 2025 జూన్‌లో జ్యూరీ ఒక అభియోగంలో దోషి అంది, ఒకదాంట్లో కాదంది, మూడోది తేల్చలేకపోయింది. అప్పటికి పార్కులో మెడూసా లేదు.