కేబీఆర్ పార్కులో అనుమతుల పేచీ: ముడి పడింది 1998లోనే

హైదరాబాద్‌లోని కేబీఆర్ (కాసు బ్రహ్మానందరెడ్డి) పార్కు చుట్టూ ఫ్లైఓవర్ల గొడవ రాజుకున్నప్పుడల్లా ఇంకో పాత ప్రశ్న కూడా లేస్తుంది. పార్కు లోపల షూటింగ్‌కో, పరుగు పందేనికో, ప్రీ వెడ్డింగ్ ఫొటోలకో అడిగితే అటవీ శాఖ అంత పట్టుగా ఎందుకుంటుంది? రోజూ అంతమంది నడిచే చోట రెండు గంటలు కెమెరా పెట్టుకుంటే ఏం పోతుందని అడిగేవాళ్లున్నారు. రోడ్ల కోసం ప్రభుత్వం చెట్లు కొట్టొచ్చు గానీ మేం ఫొటో తీసుకోకూడదా అన్నది వాళ్ల కోపం.

పార్కు లోపలి చిరాన్ ప్యాలెస్ కథ, నిజాం వారసుల భూముల సంగతి నగరంలో చాలామందికి తెలుసు కాబట్టి అక్కడికి వెళ్లడం లేదు. ఇవాళ్టి పేచీకి మూలం 1998. బంజారాహిల్స్, జూబ్లీహిల్స్ నడుమ మిగిలిన సుమారు 350 ఎకరాల అడవిని ఆ ఏడాది అప్పటి ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం జాతీయ పార్కుగా ప్రకటించింది. ఆ ప్రకటనతో అది ఊళ్లోని మామూలు పార్కుల జాబితాలోంచి పూర్తిగా బయటికి వచ్చేసింది. మన అలవాట్లు మాత్రం మారలేదు. పేరులో పార్కు అని ఉంది, గేటు దగ్గర టికెట్ ఇస్తారు, వాకర్లకు పాసులుంటాయి. దాంతో ఇందిరా పార్కుకూ దీనికీ తేడా ఏమిటో ఎవరికీ పట్టలేదు.

తేడా 1972 నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టంలో ఉంది. మామూలు పార్కులో ఏది చేయకూడదో బోర్డు మీద రాస్తారు, మిగతావన్నీ చేసుకోవచ్చు. జాతీయ పార్కులో లెక్క తలకిందులు. విధుల్లో ఉన్న ఉద్యోగులు, లోపల హక్కులున్నవాళ్లు, పబ్లిక్ రోడ్డు మీద వెళ్లేవాళ్లు వంటి కొద్దిమంది తప్ప అనుమతి లేకుండా ఎవరూ అడుగు పెట్టకూడదు. ఆ అనుమతి ఇచ్చేది చీఫ్ వైల్డ్ లైఫ్ వార్డెన్, అంటే రాష్ట్రంలో వన్యప్రాణుల సంరక్షణ చూసే ఉన్నతాధికారి. ఏయే పనులకు ఇవ్వొచ్చో 28వ సెక్షన్ చెబుతుంది: వన్యప్రాణుల అధ్యయనం, ఫొటోగ్రఫీ, శాస్త్ర పరిశోధన, పర్యాటకం, లోపల నివసించేవాళ్లతో చట్టబద్ధమైన లావాదేవీలు. అంతే. పొద్దున్నే నడిచేవాళ్లను కూడా పర్యాటకం కిందే సర్దుకోవాలి. మైకులు పెట్టి జరిపే యోగా శిబిరం, స్పాన్సర్ల బ్యానర్లతో సాగే పరుగు, పుట్టినరోజు వేడుక ఇందులో దేని కిందికి వస్తాయో అడిగేవాళ్లే చెప్పాలి. అధికారి దయ తలిచి సంతకం పెట్టినా ఆ కాగితానికి చట్టంలో చోటుండాలి కదా.

ఇంత చిన్న అడవికి అంత పెద్ద హోదా ఎందుకన్నది న్యాయమైన ప్రశ్నే. రెండు వేల చదరపు కిలోమీటర్లు దాటిన అమ్రాబాద్ పులుల అభయారణ్యానికే ఆ హోదా లేదు. తెలంగాణలో జాతీయ పార్కు హోదా ఉన్న మూడూ హైదరాబాద్‌ను ఆనుకునే ఉన్నాయి: కేబీఆర్, చిలుకూరు దగ్గరి మృగవని, వనస్థలిపురం దగ్గరి మహావీర్ హరిణ వనస్థలి. మూడూ కలిపినా ఇరవై చదరపు కిలోమీటర్లు ఉండవు. నా దృష్టిలో అందుకే ఆ హోదా అవసరమైంది. గజం ధర ఆకాశంలో ఉండే జూబ్లీహిల్స్‌లో 350 ఎకరాలు ఖాళీగా నిలవాలంటే మామూలు జీవో చాలదు. అప్పటి చట్టం ప్రకారం జాతీయ పార్కు సరిహద్దు మార్చాలంటే శాసనసభ తీర్మానం కావాలి. 2003లో అమల్లోకి వచ్చిన సవరణ ఆ తాళాన్ని ఇంకా బిగించి, జాతీయ వన్యప్రాణి బోర్డు సిఫారసు ఉండాలంది. అంటే 1998లో ప్రభుత్వం జనం చేతులతో పాటు తన చేతులూ కట్టేసుకుంది. ఇవాళ విసుక్కుంటున్న నిబంధనలే లేకపోతే అక్కడ నెమళ్ల బదులు అపార్ట్‌మెంట్లు ఉండేవి.

షూటింగ్ వాళ్ల వాదనకు కొంత బలం ఇచ్చింది అదే చట్టానికి వచ్చిన 2022 సవరణ. ఫొటోగ్రఫీ అని మాత్రమే ఉన్న చోట చిత్రీకరణను కూడా చేర్చింది. అయితే ఆవాసాన్ని మార్చకూడదు, ఆవాసానికి గానీ జంతువులకు గానీ చేటు జరగకూడదు అన్న షరతు అదే వాక్యంలో ఉంది. పక్షుల మీద డాక్యుమెంటరీ తీసే ఇద్దరు మనుషులు ఆ షరతుకు లోబడగలరు. జనరేటరు వ్యాను, లైట్లు, మేకప్ టెంటు, యాభై మంది యూనిట్ ఎలా లోబడతారు? పార్కును పొద్దున కొన్ని గంటలు, సాయంత్రం కొన్ని గంటలే తెరిచేది మిగతా సమయం జంతువులకు వదలడానికి. నెమళ్లు చెట్లెక్కే వేళ ఎవరో ఫ్లాష్ కొడుతుంటే, డ్రోన్ ఎగరేస్తుంటే ఆ ఏర్పాటుకు అర్థం ఉండదు. అదే సవరణ మామూలు ఉల్లంఘనలకు జరిమానా పరిమితిని రూ.25 వేల నుంచి రూ.లక్షకు పెంచింది. మూడేళ్ల దాకా జైలు ముందునుంచీ ఉన్నదే.

ఇక ప్రభుత్వం సంగతి. పార్కు చుట్టూ ఫ్లైఓవర్ల ప్రతిపాదన మీద 2016లోనే విషయం పర్యావరణ కేసులు విచారించే జాతీయ హరిత ట్రిబ్యునల్ దాకా వెళ్లింది. 2020 అక్టోబరులో కేంద్రం పార్కు చుట్టూ పర్యావరణ సున్నిత ప్రాంతాన్ని, అంటే అడవి అంచున ఆంక్షలుండే పట్టీని, ఖరారు చేసింది. దాని వెడల్పు ఒక చోట 3 మీటర్లు, గరిష్ఠంగా 29.8 మీటర్లు. మూడు మీటర్లంటే ఒక కారు, పక్కన మనిషి నిలబడే చోటు. ఆ తర్వాత 2024లో ఆరు జంక్షన్లలో ఫ్లైఓవర్లు, అండర్‌పాస్‌ల ప్రణాళిక మళ్లీ వచ్చింది. లోపల ఫొటోకు నో చెప్పి, కంచె బయట యంత్రాలు దించితే ఆ నో మీద జనానికి గౌరవం ఎలా ఉంటుంది? అనుమతి దొరకనివాళ్ల కోపంలో నాకు నిజం కనిపించేది ఇక్కడే. దానికి జవాబు లోపలి గేటు తెరవడం కాదు, బయటా అదే కట్టుబాటు పాటించడం.

ఇంతలో చాలామంది నిర్వాహకులు సులువు దారి పట్టారు. లోపల అనుమతి రాదని తెలిసి పరుగులు, ర్యాలీలు కంచె బయటి రోడ్డు మీద పెడుతున్నారు. దానికి ట్రాఫిక్ పోలీసులు, కార్పొరేషన్ ఒప్పుకుంటే సరిపోతుందన్నది వాళ్ల లెక్క. స్పీకర్ల మోత మాత్రం కంచె దగ్గర ఆగదు. శబ్దాన్ని అదుపు చేయాల్సిన బాధ్యత పర్యావరణ సున్నిత ప్రాంతపు నిబంధనల్లోనే ఉంది, కానీ ఆ ప్రాంతం మూడు మీటర్లున్న చోట ఫుట్‌పాత్ దాటితే చాలు, ఆ నిబంధన వర్తించదు.