బ్రహ్మానందం బెస్ట్ పాత్ర ఏది? ఒక ఎడిటర్ చెప్పే అపోహలు - వాస్తవాలు

ఫిబ్రవరి 1 వచ్చిందంటే మా ఎడిటింగ్ రూమ్‌లో పని సగం ఆగిపోతుంది. ఆ రోజు బ్రహ్మానందం పుట్టినరోజు. టీ తెచ్చే కుర్రాడి దగ్గర్నుంచి సౌండ్ చూసే పెద్దాయన దాకా అందరి దగ్గరా ఆయన బెస్ట్ పాత్రల లిస్టు ఒకటి ఉంటుంది. ఒకరు భట్టు అంటారు, ఇంకొకరు కిల్ బిల్ పాండే అంటారు. కాస్త వయసున్నవాళ్ళు ఖాన్ దాదా దగ్గరే బైఠాయిస్తారు, ఎవరేం చెప్పినా కదలరు.

నేను పదిహేనేళ్ళుగా ఈ పనిలో ఉన్నాను. మొదట అసిస్టెంటుగా, తర్వాత సొంతంగా. ఆయన నటించిన సినిమా ఒక్కటి కూడా నా చేతి మీదుగా పోలేదు, అది ముందే చెప్పేస్తున్నాను. కానీ కామెడీ సీన్లు కోసి, అతికించి, మళ్ళీ విప్పి అతికించాను కాబట్టి ఈ వాదనల్లో వినిపించే కొన్ని మాటలకి నాకు ఒళ్ళు మండుతుంది. వాటి గురించే ఇది.

అపోహ: ఆయన తెర మీద కనిపిస్తే చాలు, నవ్వు దానంతటదే వస్తుంది.

అభిమానంతో అనే మాటే. కానీ ఆయనకి ఎక్కువ నష్టం చేసింది కూడా ఇదే, ఎందుకంటే సినిమా తీసేవాళ్ళు కూడా దీన్ని నమ్మేశారు.

2007లో ‘ఢీ’ చూడండి. అందులో చారి. మరుసటి ఏడాది ‘రెడీ’లో మెక్‌డోవెల్ మూర్తి. హీరో విలన్ ఇంట్లోకి దూరాలి, దానికి ఈయనే తలుపు. తానే అందరికన్నా తెలివైనవాడినని ఆ పాత్రకి గట్టి నమ్మకం. ఆ నమ్మకం మీదే హీరో ఎక్కి తొక్కుతుంటాడు. ‘దూకుడు’ (2011) వచ్చేసరికి దీన్ని ఇంకో మెట్టు ఎక్కించారు. పద్మశ్రీ అనే ఆయన తాను రియాలిటీ షోలో ఉన్నాననుకుంటాడు. ‘బాద్‌షా’ (2013)లో పద్మనాభ సింహ అయితే జరుగుతున్నదంతా కల అనుకుంటాడు. చుట్టూ ఉన్నవాళ్ళకి అదంతా నాటకం, ఈయనకి మాత్రం నిజం. ఈయన ఎంత నిజంగా నమ్మితే మనకి అంత నవ్వు.

మరి 2014లో ‘ఆగడు’లో ఢిల్లీ సూరి ఏమయ్యాడు? అదే ముఖం, అదే టైమింగ్, అదే దర్శకుడు శ్రీను వైట్ల. కానీ అప్పటికి ఆట ఎలా ఆడతారో ప్రేక్షకుడికి కంఠతా వచ్చేసింది. ఈయన మోసపోతాడని మనకి మొదటి నిమిషంలోనే తెలిసిపోతే, ఆ తర్వాత ముఖంలో ఎన్ని రంగులు మారినా ఏం లాభం? కనిపిస్తేనే నవ్వొచ్చేటట్టయితే ఢిల్లీ సూరికి కూడా పద్మశ్రీకి నవ్వినంతా నవ్వాలి కదా.

అపోహ: అవన్నీ ఆయన సెట్లో అప్పటికప్పుడు అల్లినవే. రాసినవాళ్ళదేముంది?

ఢిల్లీ సూరిని పక్కన పెడితే, పైన చెప్పిన మిగతా నాలుగు పాత్రల వెనకా రచయితలు కోన వెంకట్, గోపీమోహన్ ఉన్నారు. ‘మన్మథుడు’ (2002)లో ప్యారిస్‌లో ఉండే లవంగం వెనక త్రివిక్రమ్ ఉన్నారు. ‘అహ నా పెళ్ళంట’ (1987)లో అరగుండు వెనక జంధ్యాల. ఆ అరగుండునే తీసుకోండి. సగం గొరిగిన తల చూడగానే నవ్వొస్తుంది, నిజమే. కానీ అది ఒక్కసారికి పనికొచ్చే నవ్వు. సినిమా పొడుగూతా నిలబెట్టింది మాత్రం ఆయన ఎవరి దగ్గర పనిచేస్తున్నాడన్నదే. కోడిని పైన వేలాడదీసి, దాన్ని చూసుకుంటూ ఉత్త అన్నం తినే లక్ష్మీపతి దగ్గర! కోట శ్రీనివాసరావు ఆ పిసినారితనాన్ని అంత సీరియస్‌గా చేశారు కాబట్టే, అరగుండు కడుపుమంట మనకి మన కడుపుమంటలా అనిపిస్తుంది. జీతం సరిగ్గా ఇవ్వని ఓనరు దగ్గర పనిచేసినవాళ్ళెవరికైనా అది ప్రత్యేకంగా చెప్పక్కర్లేదు.

అలాగని సెట్లో ఏమీ పుట్టదా అంటే, పుడుతుంది. అది ఎక్కడ దొరుకుతుందో మాకు తెలుసు. డైలాగ్ అయిపోయాక కూడా కొందరు దర్శకులు వెంటనే కట్ చెప్పరు. కెమెరాని అలా నడవనిస్తారు. మేం దాన్ని టేక్ తోక అంటాం. మంచి కమెడియన్ ఆ తోకలో ఏదో ఒకటి చేస్తాడు. కళ్ళజోడు సర్దుకుంటాడు, ఎదుటివాడిని పైనుంచి కిందికి చూస్తాడు, ఊరికే నోరు తెరిచి మూస్తాడు. రషెస్, అంటే కోయకముందు షూటింగ్ నుంచి వచ్చిన షాట్లు, చూసేటప్పుడు నేను డైలాగ్ కంటే ముందు ఈ తోకలు వెతుక్కుంటాను. కానీ ముందు సీను ఉంటేనే తోక ఉంటుంది.

ఇంకో సంగతి. సినిమాల్లోకి రాకముందు ఆయన అత్తిలిలో తెలుగు లెక్చరరు. ఎంత తిట్టినా, ఎంత గొణిగినా ప్రతి అక్షరం విడిగా వినపడుతుంది చూడండి. సెట్లో ఆనవాలు కోసం రికార్డు చేసిన మాటల (పైలట్ ట్రాక్) మీద మళ్ళీ డబ్బింగ్ చెప్పే పద్ధతి మనది. పెదాలకి సరిపోయేలా చెప్తూ, అరుపులో కూడా ఒత్తు పోకుండా చూసుకోవడం మామూలు విషయం కాదు. పాతికేళ్ళ కుర్ర కమెడియన్లకి డబ్బింగ్ థియేటర్లో చెమటలు పట్టడం నేను చూశాను.

అపోహ: కామెడీ అంటే స్పీడు. టపటపా కట్ చేస్తే సీను పేలుతుంది.

నేను కూడా ఇదే నమ్మేవాణ్ణి. నా పొరపాటే చెప్తాను.

కొన్నేళ్ళ కిందట ఒక చిన్న సినిమా చేశాను. పెళ్ళిచూపుల సీను. “మావాడికి ఒక్క చెడ్డ అలవాటు లేదండీ” అంటాడు పెళ్ళికొడుకు మేనమామ. సరిగ్గా అప్పుడే పెళ్ళికొడుకు జేబులోంచి పేకముక్క జారి కింద పడుతుంది. మేనమామ ముక్కని చూస్తాడు. తర్వాత మెల్లగా కాలు చాపి దాన్ని తొక్కిపెడతాడు. ముక్కని చూశాక ఆయన ముఖం మీద షాట్ దాదాపు రెండు సెకన్లు ఉంది. నాకు ల్యాగ్ అనిపించింది. 14 ఫ్రేములు ట్రిమ్ చేసి పారేశాను. సెకనుకి 24 ఫ్రేములు, అంటే తీసింది అరసెకనుకి కాస్త ఎక్కువ. రూమ్‌లో చూసుకుంటే సీను బాణంలా దూసుకుపోయింది. ప్రివ్యూలో ఒక్కరు కూడా నవ్వలేదు. పక్కనే కూర్చున్న దర్శకుడు నా వైపు చూడను కూడా చూడలేదు, అదింకా టెన్షన్.

ఆ రాత్రి ఆ 14 ఫ్రేములూ మళ్ళీ పెట్టాను. తర్వాతి ప్రివ్యూలో కాలు కదలకముందే నవ్వు మొదలైంది. ఆ అరసెకనులో ప్రేక్షకుడు “చచ్చాడు రా, ఇప్పుడేం చేస్తాడు” అనుకుంటాడు. నేను మొదటిసారి కత్తిరించింది ఆ ఆలోచననే.

బ్రహ్మానందం సీన్లలో ఎవరైనా నేర్చుకోవాల్సింది ఇది. ఆయన ముఖంలో ఒక భావం దిగి ఇంకో భావం ఎక్కడానికి మధ్య ఒక ఖాళీ ఉంటుంది. విన్నాడు, అర్థం కాలేదు, అర్థమైంది, అర్థమైనట్టు ఎదుటివాడికి తెలియకూడదనుకున్నాడు. ఇన్నీ ఒకే షాట్‌లో జరుగుతాయి. మధ్యలో కట్ పెడితే వాటిలో ఒకటి రాలిపోతుంది.

నవ్వుకి చోటు వదలడం ఇంకో తలనొప్పి. నిండు హాల్లో నవ్వు పడితే తర్వాతి డైలాగ్ ఎవరికీ వినపడదు. అందుకే పెద్ద పంచ్ తర్వాత ఒక రియాక్షన్ షాటో, మాటలు లేని కదలికో వేసి కాస్త గ్యాప్ ఇస్తాం. అదే సీనుని ఒంటరిగా ఫోన్‌లో చూస్తే ఆ గ్యాప్ సాగదీసినట్టుంటుంది. “పాత కామెడీ స్లోగా ఉంటుంది బ్రో” అనే కుర్రాడూ, “ఆ రోజుల్లో హాలు ఊగిపోయేది” అనే బాబాయీ కొట్టుకుంటుంటే నాకు జాలేస్తుంది. ఇద్దరూ కరెక్టే, చూసిన చోట్లు వేరు.

అపోహ: ఎక్కువ మీమ్స్ ఉన్న పాత్రే గొప్ప పాత్ర.

మీమ్‌కి కావాల్సింది ఒక ముఖం, ఒక క్షణం. ఆ ముఖం ఏ సినిమాలోదో, ఎవరితో ఏం మాట్లాడాక వచ్చిందో అక్కర్లేదు. తెలుగు రాని కుర్రాళ్ళు కూడా వాడుకుంటున్నారంటే అది ఆయన ముఖం గొప్పతనం. పాత్ర గొప్పతనం వేరే లెక్క. స్టిల్‌లో అందంగా కుదరని పాత్రలు ఈ ఓట్లలో నష్టపోతున్నాయి. ‘వెంకీ’ (2004)లో రైలు సీన్లని ఒక్క ఫ్రేములో పెట్టి చూపించండి చూద్దాం. కుదరదు. అక్కడ నవ్వు ఒక బెర్తు నుంచి ఇంకో బెర్తుకి పాకుతుంది. ఈయన చేసిన గజాలని ఒక్కడినే కత్తిరించి పక్కన పెడితే సగం పోతుంది.

అపోహ: కమెడియన్ ట్రాక్ తీసేసినా కథకి ఏమీ కాదు.

చాలా సినిమాల్లో నిజమే. కథ ఒక పక్క, కామెడీ ఇంకో పక్క. నిడివి ఎక్కువైందంటే ముందు కత్తి పడేది అక్కడే, నేనూ వేశాను. కానీ ‘దూకుడు’లో పద్మశ్రీని తీసేసి చూడండి, హీరో తండ్రి కోసం ఆడే నాటకానికి అతని బంగళాయే ఉండదు. బెస్ట్ పాత్ర ఏదని వాదించేటప్పుడు నేను మొదట చూసేది ఇదే.

అపోహ: గిన్నిస్ రికార్డు ఉంది, పద్మశ్రీ ఉంది, ఇంక వాదన దేనికి?

గిన్నిస్ రికార్డు సినిమాల సంఖ్యకి. పద్మశ్రీ 2009లో వచ్చింది. అంతకుముందు 1970లో రేలంగికి, 1990లో అల్లు రామలింగయ్యకి కూడా వచ్చింది. ఏ పాత్ర బాగుందో ఇవేవీ చెప్పవు. ఇక్కడితో ఇది చాలు.

అపోహ: 2014 తర్వాత ఆయన పని అయిపోయింది.

‘రేసుగుర్రం’ వచ్చింది కూడా 2014లోనే. సినిమా చివర్లో దిగిన కిల్ బిల్ పాండే మొత్తం సినిమాని లాక్కుపోయాడు. కాబట్టి ఆ ఏడాది ఆయనకేదో అయిందన్న మాట నిలబడదు. అయింది ఆయన చుట్టూ. తోటి కమెడియన్లు ఎ.వి.ఎస్., ధర్మవరపు సుబ్రహ్మణ్యం ఇద్దరూ 2013 చివర్లో నెల తేడాతో వెళ్ళిపోయారు. 2015 జనవరిలో ఎమ్మెస్ నారాయణ పోయారు. కామెడీ సీను కట్ చేసేవాడిగా చెప్తున్నాను, రియాక్షన్‌కి బదులిచ్చే ఇంకో రియాక్షన్ లేకపోతే నాకు కట్ చేయడానికి చోటే దొరకదు. ‘దూకుడు’లో ఒక పక్క ఈయన రియాలిటీ షో అనుకుంటుంటే, ఇంకో పక్క ఎమ్మెస్ తానే సినిమా హీరో అనుకుంటున్నాడు. అలాంటి జత మళ్ళీ పడలేదు.

2023లో కృష్ణవంశీ ‘రంగమార్తాండ’లో చక్రపాణిగా చేసినప్పుడు అందరూ “బ్రహ్మానందం ఏడిపించాడేంటి” అని ఆశ్చర్యపోయారు. నాకు ఆశ్చర్యం వేయలేదు. అందులో ఆసుపత్రి సీనులో కూడా ఆయన వాడింది ఆ ఖాళీనే. ఒక భావం దిగి ఇంకోటి ఎక్కేలోపు ఆగడం. ఇక్కడ ఆ ఖాళీలో మనకి నవ్వు బదులు ఏడుపొచ్చింది, అంతే తేడా.

అపోహ: ఆయన పాత్రలన్నీ ఒకటే, బకరా.

ఇది కాస్త నిజం ఉన్న అపోహ. శ్రీను వైట్ల సినిమాలే వరసగా చూస్తే అలాగే అనిపిస్తుంది. కానీ ‘మనీ’ (1993)లో ఖాన్ దాదాని ఎవరు బకరా చేశారు? చూడబోతే రౌడీ, మనసులో మాత్రం సినిమా హీరో. తనని తానే మోసం చేసుకున్నాడు. అరగుండు మోసపోలేదు, అన్నీ తెలిసి ఇరుక్కుపోయాడు. ‘అదుర్స్’ (2010)లో భట్టుది ఇంకో బాధ. గురువుగారు. చంద్రకళ మీద మనసు. అదే అమ్మాయి మీద శిష్యుడు చారికీ మనసు. కోప్పడాలి, కానీ కోపం ఎందుకొచ్చిందో బయటికి చెప్తే పరువు పోతుంది. అందుకని ఇంకేదో సాకు పెట్టుకుని శిష్యుణ్ణి తిడతాడు. శిష్యుడు అమాయకంగా ఇంకో మాట అంటాడు, గురువుగారు లోలోపల ఉడికిపోతాడు.

నా ఓటు భట్టుకే. ఎదురుగా చారిగా జూనియర్ ఎన్టీఆర్ అంత తూకంగా నిలబడ్డాడు కాబట్టి కూడా. ఆ ఇద్దరినీ ఒకే ఫ్రేములో పెట్టి, ఎడిటర్ చేతులు కట్టుకుని కూర్చోవచ్చు. ఇలాంటి సీను ఒక్కటి చేతికి రావాలని పదిహేనేళ్ళుగా చూస్తున్నాను.

మా సౌండ్ పెద్దాయన ఇదంతా విని, ఏమీ అనకుండా స్పీకర్లో ఖాన్ దాదా పాట ‘వారెవా ఏమి ఫేసు’ పెట్టి వాల్యూమ్ పెంచేశాడు.