"నీ మంచి కోసమే చెబుతున్నా": స్నేహితుల బరువు, తిండి గురించి మాట్లాడటంపై అపోహలు - వాస్తవాలు

నా దగ్గరకు వచ్చేవారికి మొదటి వారం ఏ ఆహార నియమమూ రాసివ్వను. ఒక నోటుపుస్తకం ఇచ్చి, తిన్నదల్లా అందులో రాసుకోమంటాను. పేజీకి ఐదు గడులు: ఎప్పుడు, ఏమి, ఎక్కడ, ఎవరితో, అప్పుడు మనసు ఎలా ఉంది. రాసేవారి శ్రద్ధంతా రెండో గడి మీదే ఉంటుంది. డైటీషియన్‌ను కాబట్టి నేనూ అదే చూస్తాననుకుంటారు. నా కళ్లు ముందు వెళ్లేది నాలుగో గడికి.

ఒక పేజీ చెబుతాను. మనుషులను గుర్తుపట్టే వీలు లేకుండా వివరాలు మార్చాను, కింద వచ్చే ఉదాహరణలూ అలాంటివే. మధ్యాహ్నం ఒంటిగంట, ఆఫీసులో, నలుగురు స్నేహితురాళ్లతో: "రెండు ముద్దలు. ఆకలి లేదన్నాను." రాత్రి పదకొండున్నర, వంటగదిలో, లైటు వేయకుండా, నిలబడి. 'ఏమి' అన్న గడిలో రాత పట్టక పేజీ అంచు దాకా పాకింది. 'ఎవరితో' అన్నచోట చిన్న గీత. చివరి గడిలో: "మళ్లీ వడ్డించుకుంటున్నావా అంది. నవ్వుతూనే అంది." ఆ మాట అన్నది నాలుగు రోజుల క్రితం. నాలుగు రోజుల పేజీలూ ఒకేలా ఉన్నాయి.

ఆ మాట అన్న స్నేహితురాలు చెడ్డదని నేను అనుకోను. ఆమెకు ఈ పేజీ కనిపించదు, అంతే. నాకు కనిపిస్తుంది. అందుకే ఇది రాస్తున్నాను.

అపోహ: స్నేహితులం కాకపోతే ఇంకెవరు చెబుతారు? చెబితేనే కదా తెలిసేది.

వాస్తవం: వాళ్లకు తెలుసు. అద్దం చెప్పింది, బిగుతైన బట్టలు చెప్పాయి, బంధువులు చెప్పారు, లిఫ్టులో పక్కన నిలబడ్డవారి చూపు చెప్పింది. "ఒళ్లు చేశావు" అనే మాటలో వాళ్లకు తెలియని సమాచారం ఒక్కటీ లేదు. కొత్తగా తెలిసేదల్లా, ఇంతకాలం చనువుగా మసలిన మనిషి కూడా తన ఒంటిని కొలుస్తోందని.

ఆ మాట వల్ల మార్పు వస్తుందా? వస్తుంది, తరచుగా అనుకున్న దానికి ఎదురు దిశలో. అమెరికాలో రెండు వేలకు పైగా ఆడపిల్లలను పదేళ్ల వయసు నుంచి పందొమ్మిదేళ్ల దాకా గమనించిన ఒక అధ్యయనం 2014లో వెలువడింది. పదేళ్లప్పుడు ఇంట్లోవారో, స్నేహితులో, టీచరో "నువ్వు మరీ లావు" అని చెప్పిన పిల్లలు పందొమ్మిదేళ్లకు స్థూలకాయులుగా ఉండే అవకాశం, అలా అనిపించుకోని పిల్లల కంటే ఎక్కువగా తేలింది. పదేళ్లప్పటి అసలు బరువును లెక్కలోకి తీసుకున్నాక కూడా ఆ తేడా నిలిచింది. ఇంట్లోవారి మాటతో ఆ సంబంధం మరింత బలంగా కనిపించింది. 2013లో ఆరు వేలకు పైగా పెద్దవారి మీద వచ్చిన మరో అధ్యయనంలో, బరువు కారణంగా వివక్ష ఎదుర్కొన్నామన్నవారు తరువాతి నాలుగేళ్లలో స్థూలకాయులయ్యే అవకాశం సుమారు రెండున్నర రెట్లు ఉంది. ఇవి పరిశీలనా అధ్యయనాలు. ఒక్క మాట వల్లే బరువు పెరిగిందని వీటిని బట్టి తేల్చలేం. కానీ "గట్టిగా చెబితే సిగ్గుపడి తగ్గుతారు" అనే నమ్మకానికి ఇవి ఏమాత్రం బలం ఇవ్వవు.

ఎందుకిలా జరుగుతుందో నోటుపుస్తకాల్లో రోజూ చూస్తుంటాను. సిగ్గుపడిన మనిషి తినడం మానడు, చాటుగా తింటాడు. చాటుగా తినేవాడు గబగబా తింటాడు, కడుపు నిండిన సంగతి మెదడుకు చేరేలోపే చాలా తినేస్తాడు. నలుగురి కళ్లూ పడతాయని నడకకు వెళ్లడం ఆపేస్తాడు. బరువు చూస్తారన్న భయంతో డాక్టరు దగ్గరకు వెళ్లడం వాయిదా వేస్తాడు. ఈ చివరిది నన్ను అన్నిటికంటే ఎక్కువ కలవరపెడుతుంది. మోకాలి నొప్పితో మూడేళ్లు ఇంట్లోనే కూర్చున్నవారిని చూశాను.

అపోహ: సన్నబడితే మెచ్చుకోవడంలో తప్పేముంది?

వాస్తవం: ఈ అపోహ దగ్గర కాసేపు ఆగాలి, ఎందుకంటే దీన్ని మంచి మనసున్నవారే ఎక్కువగా నమ్ముతారు.

ప్రయత్నం లేకుండా ఆరు నుంచి పన్నెండు నెలల్లో బరువు ఐదు శాతం తగ్గితే వైద్యులు దాన్ని పరీక్షించాల్సిన లక్షణంగా చూస్తారు. డెబ్బై కిలోల మనిషికి ఆ ఐదు శాతం అంటే మూడున్నర కిలోలే. మధుమేహం, థైరాయిడ్ అతిగా పనిచేయడం, క్షయ, పేగుల జబ్బులు, డిప్రెషన్, క్యాన్సర్, వీటిలో ఏదైనా కావచ్చు. కావలసినవారిని పోగొట్టుకున్న దుఃఖమూ కావచ్చు. బయటి నుంచి చూసేవారికి ఇవన్నీ ఒకేలా కనిపిస్తాయి: "అరె, భలే సన్నబడ్డావే!"

ఒక అబ్బాయి నాకు గుర్తుండిపోయాడు. రెండు నెలల్లో తొమ్మిది కిలోలు తగ్గాడు. స్నేహితులంతా రహస్యం చెప్పమని వెంటపడ్డారు. విపరీతమైన దాహం, రాత్రుళ్లు నాలుగైదుసార్లు లేవడం ఉన్నా, ఆ పొగడ్తల మధ్య అవి జబ్బు లక్షణాలని అతనికి తోచలేదు. చివరకు రక్తపరీక్ష చేయిస్తే చక్కెర ప్రమాదకర స్థాయిలో ఉంది. "అందరూ బాగున్నావంటుంటే నాకేదో అయిందని ఎలా అనుకుంటాను?" అని అడిగాడు. నా దగ్గర జవాబు లేదు.

తిన్నది వాంతి చేసుకుంటూ బరువు తగ్గినవారి సంగతి ఇంకా కష్టం. వాళ్లను మెచ్చుకున్న ప్రతిసారీ జబ్బును మెచ్చుకున్నట్టే. చికిత్స మొదలుపెట్టి, మళ్లీ సరిగా తింటూ, నాలుగు కిలోలు పెరిగి వచ్చిన ఒకామె నాతో అన్న మాట ఇది: "వాంతులు చేసుకున్నన్నాళ్లూ నన్ను పొగిడారు మేడమ్. ఇప్పుడు ఎవరూ ఏమీ అనడం లేదు." ఆ మౌనాన్ని ఆమె ఎలా అర్థం చేసుకుందో వేరే చెప్పక్కర్లేదు.

నిజంగానే కష్టపడి, ఆరోగ్యంగా తగ్గినవారు ఉన్నారు. వాళ్లంతట వాళ్లు చెప్పుకుంటే సంతోషించండి. "మెట్లెక్కుతుంటే ఆయాసం రావడం లేదా ఇప్పుడు?" అని అడగండి. ఆ బరువు మళ్లీ పెరిగినా ఈ ప్రశ్న వాళ్లను గుచ్చదు.

అపోహ: మనిషిని చూస్తే ఎంత తింటున్నారో తెలిసిపోతుంది.

వాస్తవం: తెలియదు. రోజూ ఈ పనే చేసే నాకూ తెలియదు.

బీఎంఐలో (ఎత్తుతో పోల్చి బరువును చెప్పే కొలతలో) మనుషుల మధ్య కనిపించే తేడాల్లో 40 నుంచి 70 శాతం వరకు జన్యువుల పాత్ర ఉందని కవలల అధ్యయనాలు చెబుతున్నాయి. స్టెరాయిడ్లు, ఇన్సులిన్, మానసిక వైద్యంలో వాడే కొన్ని మందులు బరువు పెంచుతాయి. థైరాయిడ్ మందగించినా, పీసీఓఎస్ (ఆడవారిలో హార్మోన్లు అదుపు తప్పే ఒక సమస్య) ఉన్నా, నిద్ర కరువైనా పెరగవచ్చు. మీ స్నేహితురాలు వీటిలో దేని గురించీ మీకు చెప్పి ఉండకపోవచ్చు, చెప్పాల్సిన బాధ్యతా ఆమెకు లేదు. ఇక వారంలో ఒకటి రెండు కిలోల హెచ్చుతగ్గులు చాలావరకు కొవ్వుకు సంబంధించినవి కావు. కండరాల్లో, కాలేయంలో దాచుకునే ప్రతి గ్రాము గ్లైకోజెన్‌తో (శరీరం నిల్వ ఉంచుకునే చక్కెరతో) దాదాపు మూడు గ్రాముల నీరు చేరుతుంది. నెలసరికి ముందు ఒళ్లు నీరు పడుతుంది. "పోయిన వారం కంటే ఉబ్బినట్టున్నావు" అనే మాట ఆ నీటి గురించే.

తిండికి సంబంధించిన మానసిక రుగ్మతలు ఉన్నవారు ఎముకల గూడులా ఉంటారనుకోవడం మరో పొరపాటు. అతిగా తిని, ఆపైన వాంతి చేసుకోవడం లాంటివి చేసే బులీమియాను 1979లో జెరాల్డ్ రస్సెల్ తొలిసారి ప్రత్యేక రుగ్మతగా వర్ణించారు. అది ఉన్నవారిలో చాలామంది మామూలు బరువుతోనే ఉంటారు. లావుగా ఉండీ ప్రమాదకరంగా పస్తులుంటున్నవారు నా దగ్గరకు ఆలస్యంగా వస్తారు, ఎందుకంటే వాళ్లు తిండి మానేస్తే చుట్టూ ఉన్నవారు చప్పట్లు కొడతారు.

అపోహ: లావుగా ఉన్నవారినే అనకూడదు. సన్నగా ఉన్నవారిని అంటే సరదాగా తీసుకుంటారు.

వాస్తవం: "గాలొస్తే ఎగిరిపోతావు", "పుల్లలా ఉన్నావు", "ఇంట్లో తిండి పెట్టడం లేదా?" ఇవి విని విని వేసవిలోనూ పొడుగు చేతుల చొక్కా విప్పని అబ్బాయిలు ఉన్నారు. ఆ నొప్పీ నొప్పే.

అపోహ: నోరు కట్టుకోలేకపోవడం బలహీనత. ఎవరో ఒకరు గుర్తు చేస్తూ ఉండాలి.

వాస్తవం: 1944 నవంబరులో అమెరికాలోని మిన్నెసోటా విశ్వవిద్యాలయంలో ఆన్సెల్ కీస్ అనే శాస్త్రవేత్త 36 మంది యువకులతో ఒక ప్రయోగం మొదలుపెట్టారు. యుద్ధంలో చేరడానికి మనస్సాక్షి ఒప్పుకోనివారు వాళ్లు. శరీరం, మనసు రెండూ గట్టిగా ఉన్నవారిని ఏరి కోరి తీసుకున్నారు. యుద్ధంతో ఆకలికి గురైన దేశాల ప్రజలను మళ్లీ మామూలు స్థితికి తేవడమెలాగో తెలుసుకోవడం లక్ష్యం. ఆరు నెలల పాటు వాళ్ల తిండిని దాదాపు సగానికి తగ్గించారు. బరువులో నాలుగో వంతు కోల్పోయారు. మనసుకు జరిగింది ఇంకా గమనించదగ్గది. అంతకుముందు వంటగది వైపు చూడనివారు వంటల పుస్తకాలు పోగుచేశారు. ఒక్కో భోజనాన్ని గంటల తరబడి సాగదీశారు. పళ్లెం నాకారు. చిరాకు, దిగులు, ఒంటరితనం ముంచుకొచ్చాయి. ఆంక్షలు ఎత్తేశాక కొందరికి ఎంత తిన్నా ఆకలి తీరలేదు.

ఆ 36 మందిలో ఎవరి మనోబలాన్నీ తప్పుపట్టలేం. ఆకలితో ఉంచిన శరీరం అలాగే ప్రవర్తిస్తుంది. కొవ్వు కణాలు విడుదల చేసే లెప్టిన్ అనే హార్మోను తగ్గి, ఆకలి పెరుగుతుందన్న సంగతి 1994 తరువాతే తెలిసింది. మీ స్నేహితుడు పగలంతా ఏమీ తినకుండా తిరిగి, సాయంత్రం ఆవురావురుమని తింటుంటే మీకు కనిపించేది ఆ సాయంత్రమే. "ఇంత తింటున్నావా?" అన్నారంటే మరుసటి రోజు పస్తు ఖాయం, దాని వెనకే మరో సాయంత్రం.

అపోహ: నా గురించి నేను అనుకుంటే ఎవరికీ నష్టం లేదు.

వాస్తవం: "ఛీ, ఎంత లావయ్యానో! ఇవాళ ఏమీ తినను" అని మీరు అన్నప్పుడు, మీకంటే పది కిలోలు ఎక్కువున్న స్నేహితురాలు పక్కన కూర్చుని ఉంటుంది. మీకే అంత అసహ్యం కలిగితే తనను చూసి మీరేమనుకుంటున్నారో ఆమె క్షణంలో లెక్క కట్టుకుంటుంది. చేతిలోది కింద పెట్టేస్తుంది.

అపోహ: అయితే కళ్లెదుట ప్రమాదం కనిపిస్తున్నా నోరు మూసుకుని ఉండాలన్నమాట.

వాస్తవం: ఉండకూడదు. ఇది గట్టిగా చెప్పాలి. లావవుతామన్న భయంతో తిండి మానేసే అనొరెక్సియా ప్రాణాలు తీసే రుగ్మత, మానసిక రుగ్మతల్లో మరణాలు అధికంగా ఉండేవాటిలో ఒకటి. త్వరగా చికిత్స మొదలైతే కోలుకునే అవకాశం పెరుగుతుంది. చాలాసార్లు ముందుగా గమనించేది స్నేహితులే.

భోజనం కాగానే ప్రతిసారీ బాత్రూముకు వెళ్లడం, కలిసి తినాల్సి వచ్చినప్పుడల్లా సాకు చెప్పడం, ఒక్కో పదార్థాన్నీ వదిలేస్తూ పోవడం, జ్వరంలోనూ వ్యాయామం మానలేకపోవడం, ఎప్పుడూ చలి వేయడం, కళ్లు తిరగడం, జుట్టు రాలడం, నెలసరి ఆగిపోవడం. ఇవి కనిపిస్తే మాట్లాడండి. స్పృహ తప్పినా, గుండె దడగా ఉందన్నా, చావు మాట ఎత్తినా ఆ రోజే ఆసుపత్రికి తీసుకెళ్లండి.

మాట్లాడేటప్పుడు అంకెలు, కొలతలు, ఒంటి ఆకారం వద్దు. భోజనం దగ్గర అసలే వద్దు. ఇద్దరే ఉన్నప్పుడు, ముందు అనుమతి అడగండి. బరువు గురించి మాట్లాడేముందు అనుమతి అడగాలని మాకు, వైద్యులకు శిక్షణలోనే నేర్పుతారు. మాకే ఆ నియమం ఉంటే స్నేహితులకు మాత్రం ఎందుకు ఉండకూడదు? "ఒక సంగతి అడగనా? వద్దంటే ఆపేస్తాను. ఈ నెలలో నువ్వు రెండుసార్లు కళ్లు తిరిగి కూర్చుండిపోయావు. మాతో తినడానికి రావడం లేదు. నాకు భయంగా ఉంది. నీకు ఎలా ఉంటోంది?" ఇంతే. మొదటిసారి కోప్పడవచ్చు, లేదా "ఏమీ లేదు" అనేయవచ్చు. పట్టుపట్టకండి, మాయమూ కాకండి. పది రోజుల తరువాత మళ్లీ అడగండి. డాక్టరు దగ్గరకు తోడు వస్తానని చెప్పండి. అపాయింట్‌మెంటు రోజున నిజంగా వెళ్లండి. నా గది బయట బెంచీ మీద ఒంటరిగా కూర్చున్నవారికీ, పక్కన ఎవరో ఉన్నవారికీ తేడా తలుపు తీయగానే తెలుస్తుంది.

"నేను లావయ్యానా?" అని వాళ్లే అడిగితే? అవునన్నా, కాదన్నా ఉచ్చులో పడ్డట్టే. "ఇవాళ ఎందుకలా అనిపించింది?" అని అడిగి చూడండి. చాలాసార్లు వెనక ఇంకేదో సంగతి ఉంటుంది.

బరువు తగ్గడానికి సాయం చేయమని అడిగితే, ఎలాంటి సాయం కావాలో వాళ్లనే చెప్పనివ్వండి. కాపలా కాయమని అడిగేవారు తక్కువ, తోడుగా నడవమనేవారే ఎక్కువ. స్నేహితుల ప్రభావం చిన్నదేమీ కాదు. పన్నెండు వేల మంది మీద 2007లో వచ్చిన ఒక ప్రసిద్ధ అధ్యయనంలో, ఒకరు స్థూలకాయులైతే వాళ్ల స్నేహితులూ అలా అయ్యే అవకాశం 57 శాతం పెరిగింది. అందులో ప్రభావం ఎంత, ఒకే తీరువారు స్నేహితులు కావడం ఎంత అని పరిశోధకులు వాదించుకున్నారు. నా అనుభవంలో మాత్రం మనిషి మారింది పక్కవారు ఏమన్నారో దాన్ని బట్టి కంటే, పక్కవారు ఎలా తిన్నారో, ఎటు నడిచారో దాన్ని బట్టే.

ఇప్పటికే ఏదో అనేసి ఉంటే, "ఆ రోజు నీ తిండి గురించి అలా అనాల్సింది కాదు, ఇక అనను" అని ఒక్కసారి చెప్పి, మాట తప్పకండి. సంజాయిషీ పొడిగించకండి. పొడిగిస్తే మిమ్మల్ని ఓదార్చే పని కూడా వాళ్ల మీద పడుతుంది.

మొదట చెప్పిన పేజీ ఎవరిదో ఆమె, విషయం తన స్నేహితురాలికి తానే చెప్పింది. చెప్పడానికి ఏడు వారాలు పట్టింది. పదో వారం నోటుపుస్తకంలో ఒక మధ్యాహ్నం ఇలా ఉంది. ఎక్కడ: ఆఫీసులో. ఎవరితో: ఆమెతో. ఏమి: భోజనం, రెండోసారి వడ్డించుకున్నాను. చివరి గడిలో: "వాళ్ల అమ్మ ఆపరేషన్ గురించి మాట్లాడుకున్నాం." ఆ రాత్రి పదకొండున్నరకు ఏమీ రాసి లేదు.