ఓడినోడికి లెక్కలేంది? (పోటీ చేయాలనుకునే ఫౌజీలకు, వకీళ్లకు)

2023 నవంబర్ మొదటి వారం, అసెంబ్లీ నామినేషన్లు నడుస్తున్న రోజులు. నల్లగొండ కోర్టు నుంచి ఇంటికొచ్చి ఇంకా కోటు కూడా విప్పలేదు, గేటు ముందు బుల్లెట్ బండి ఆగింది. దేవరకొండ దిక్కు నుంచి వచ్చిన రిటైర్డ్ సుబేదార్ సాబ్. నేను హవల్దార్‌గా ఫౌజ్ నుంచి దిగినవాణ్ని, ఆయన్ని చూస్తే ఇప్పటికీ నడుము దానంతటదే నిటారుగా అవుతుంది. నామినేషన్ ఫారం, పదిమంది ప్రపోజర్ల (పేరు ప్రతిపాదించేవాళ్ల) సంతకాలు, నోటరీ చేయించిన అఫిడవిట్, అన్నిటికీ నంబర్లేసి దారంతో కుట్టి మరీ తెచ్చారు. "ఒక్కసారి చూడు తమ్మీ, రేపు పోయి ఏసొస్త" అన్నారు.

చూశాను, తప్పు దొరకలేదు. చాయ్ తాగుతూ ఊరికే అడిగాను, "2018ల కూడా నిలబడ్డరు గద సాబ్, అప్పటి ఖర్చుల లెక్కలు ఎప్పుడిచ్చిండ్రు?" అని.

"ఏం లెక్కలు? డిపాజిటే పాయె. ఓడినోడికి లెక్కలేంది?"

ఎన్నికల సంఘం అనర్హుల జాబితా ఫోన్‌లో తెరిచి చూపించాను. ఆయన పేరు, ఊరు, నియోజకవర్గం అన్నీ ఉన్నాయి. ఆర్డర్ 2021లో వచ్చింది, అక్కడి నుంచి మూడేళ్లు. అంటే ఆ నవంబర్‌కి ఇంకా గడువు తీరలేదు. ఆరా తీస్తే, అంతకుముందు నోటీసు ఇంటికొచ్చిందట, కోడలు ఓటరు స్లిప్పు అనుకొని టీవీ వెనకాల పెట్టిందట. సాబ్ చాయ్ గ్లాసు కింద పెట్టి చాలాసేపు మాట్లాడలేదు.

17 ఏళ్లు ఫౌజ్‌లో చేసి, దిగాక లా చదివి, 2019 జనవరిలో మా ఊళ్లో సర్పంచ్‌గా నిలబడి ఓడి, ఇప్పుడు సీజన్ వస్తే పదిమంది కాగితాలు చూసిపెట్టేవాణ్ని. నన్ను అడిగితే అన్నిటికన్నా ఖరీదైన అపోహ ఇదే. మనవాళ్ల టెన్షన్ అంతా డిపాజిట్ మీద. చెల్లిన ఓట్లలో ఆరో వంతు దాటకపోతే డిపాజిట్ పోతుంది, అసెంబ్లీకైతే 10,000, ఎస్సీ, ఎస్టీలకు 5,000. పోతే పోయింది, దానివల్ల మళ్లీ నిలబడే హక్కు వీసమెత్తు తగ్గదు. ఊళ్లో నాలుగు రోజులు నవ్వుతారు, అంతే. లెక్కలు ఇవ్వకపోతే ఎవరూ నవ్వరు, ఎవరికీ తెలియను కూడా తెలియదు, మూడేళ్లు మాత్రం పోతాయి. ప్రజాప్రాతినిధ్య చట్టం 10ఏ సెక్షన్. గెలిచినోడు, ఓడినోడు అన్న తేడా అందులో లేదు. నామినేషన్ వెనక్కి తీసుకోకుండా బరిలో మిగిలిన ప్రతి ఒక్కరూ ఫలితం వచ్చిన 30 రోజుల్లో జిల్లా ఎన్నికల అధికారికి, అంటే కలెక్టర్‌కి, లెక్క అప్పజెప్పాలి.

"నేను ఖర్చే పెట్టలేదు, ఏం రాయాలె?" అని అడిగేవాళ్లున్నారు. పెట్టలేదనే రాసి ఇవ్వండి, అదీ లెక్కే. అయినా డిపాజిట్ కట్టారు కదా, కరపత్రం అచ్చేయించారు కదా. నామినేషన్ అప్పుడు రిజిస్టర్ ఇస్తారు, తెల్ల పేజీల్లో రోజువారీ ఖర్చు, గులాబీ పేజీల్లో నగదు, పసుపు పేజీల్లో బ్యాంకు. ఎన్నికల కోసమే వేరే ఖాతా తెరవాలి, అది నామినేషన్‌కి కనీసం ఒకరోజు ముందే. ఎన్నికంతటికీ కలిపి ఒక మనిషికి 10,000 దాటి నగదు ఇవ్వకూడదు, చెక్కో ఆన్‌లైనో. ప్రచారం నడుస్తుండగా కనీసం మూడుసార్లు రిజిస్టర్ తనిఖీకి పట్టుకుపోవాలి. మీరు రాసినా రాయకపోయినా మీ మీటింగులో కుర్చీలెన్నో, చాయ్‌లెన్నో అవతల ఎన్నికల అధికారుల దగ్గర ఇంకో రిజిస్టర్‌లో ఎక్కుతూనే ఉంటాయి, రేటు చార్టు కూడా వాళ్లదే. మీ లెక్కలో లేని షామియానా వాళ్ల లెక్కలో ఉంటే జవాబు మీరే చెప్పుకోవాలి.

సర్పంచ్, వార్డు మెంబర్లకు కూడా ఇదే బాధ. అక్కడ 45 రోజులు, ఎంపీడీవో ఆఫీసులో ఇవ్వాలి. ఇవ్వకపోతే మూడేళ్లు పోటీ లేదు, గెలిచినవాళ్లయితే ఉన్న కుర్చీకీ ఎసరు.

నాకు ఫౌజీల మీద కోపం వచ్చేది ఇక్కడే. రాజస్థాన్ ఇసుకలో ఫైరింగ్‌కి పోతే 20 రౌండ్లు సంతకం పెట్టి తీసుకొని, 20 ఖోకాలు (కాల్చాక మిగిలే ఖాళీ తూటా గొట్టాలు) లెక్కపెట్టి తిరిగి అప్పజెప్పినవాళ్లం మనం. ఓసారి ఒక్క ఖోకా తక్కువొస్తే కంపెనీ మొత్తం చీకటి పడేదాకా మోకాళ్ల మీద ఇసుక జల్లెడ పట్టింది, చివరికి అది ఒక కుర్రాడి బూటు మడతలో దొరికింది. అలాంటి ఫౌజీయే ఊరికొచ్చి మైకు ఆటోకి 3,000 ఇచ్చి చిట్టీ కూడా అడగడు! నేనూ అంతే లెండి. 2019లో మా ఆటో అతన్ని పట్టుకొని రసీదు రాయించుకోవడానికి రెండు రోజులు చిట్యాల చుట్టూ తిరిగాను.

మిగతావి తొందరగా చెప్పేస్తా.

అపోహ: రెడ్ ఇంక్ ఎంట్రీ (సర్వీస్ కాగితాల్లో ఎర్ర సిరాతో రాసే శిక్ష) ఉంటే పోటీకి పనికిరాం. కిందటేడు నాగర్‌కర్నూల్ నుంచి ఒకాయన ఇదే భయంతో నిద్రపోవట్లేదని ఫోన్ చేశారు, సెలవు దాటి నాలుగు రోజులు ఆలస్యంగా యూనిట్‌కి చేరినందుకు ఎప్పుడో పడిన ఎంట్రీ, పాపం భార్యకి కూడా చెప్పుకోలేదట. అన్నా, అది మీ సర్వీస్ కాగితాల్లో మరక, అంతకుమించి ఏమీ కాదు. చట్టం అడిగేది వేరు. అవినీతికో, దేశద్రోహానికో ఉద్యోగం నుంచి డిస్మిస్ అయ్యారా? అయితే ఐదేళ్లు కుదరదు. డిస్మిస్ వేరు, డిశ్చార్జ్ వేరు. పెన్షన్ తీసుకొని దిగిన మీకు ఈ గొడవే లేదు. ఇంకా పెన్షన్ లాభదాయక పదవి (అది ఉంటే పోటీకి అనర్హులే) అవుతుందని ఎవడో వాట్సాప్‌లో పెట్టాడట, అదీ అబద్ధమే. కాకపోతే దిగాక మళ్లీ సర్కారు కొలువులో చేరి ఉంటే మాత్రం ముందు దానికి రాజీనామా ఇవ్వాలి, అది ఆమోదం కూడా పొందాలి.

అపోహ: సర్వీస్ ఓటరుగా పేరుంది కాబట్టి చాలు. చాలదు. అది యూనిఫాంలో ఉన్నన్నాళ్లే. దిగాక ఫారం 6 పెట్టి మామూలు ఓటరుగా ఎక్కాలి. ఎమ్మెల్యేకి తెలంగాణలో ఎక్కడ ఓటున్నా నడుస్తుంది, వేరే నియోజకవర్గమైతే జాబితా సర్టిఫైడ్ కాపీ జతపరచాలి. సర్పంచ్‌కి అలా కాదు, ఆ ఊరి జాబితాలోనే ఉండాలి. పిల్లల చదువులకని సికింద్రాబాద్‌లో ఇల్లు కట్టుకొని ఓటు కూడా అక్కడికే మార్చుకున్నవాళ్లు నోటిఫికేషన్ వచ్చాక పరిగెత్తుకొస్తారు. అప్పుడు నేనేం చేసేది.

అపోహ: ఆర్మీ ఇచ్చిన గ్రాడ్యుయేషన్ సర్టిఫికెట్‌తో ఎల్ఎల్‌బీ చేసి, వకీలై, అటునుంచి రాజకీయాల్లోకి. మొదటి మెట్టే విరుగుతుంది. 15 ఏళ్ల సర్వీసుకి ఇచ్చే ఆ కాగితం గ్రూప్ సి కొలువులకు పనికొస్తుంది, లా కాలేజీకి యూనివర్సిటీ డిగ్రీ కావాలి. ఇంటర్ లేకుండా నేరుగా ఓపెన్ డిగ్రీ చేసినవాళ్లకీ బార్ కౌన్సిల్ దగ్గర ఇబ్బందే. నేను సర్వీసులో ఉండగానే దూరవిద్యలో ఇంటర్, ఆ తర్వాత బీఏ ముగించుకున్నా కాబట్టి బతికిపోయాను. అసలు పోటీకి వకీలు కానక్కర్లేదు, డిగ్రీ కూడా అక్కర్లేదు. బూర్గుల రామకృష్ణారావు కాలం నుంచి మన పాలమూరు వకీళ్లు రాజకీయాల్లో ఉన్నారు, నిజమే, అది ఆనవాయితీ, అర్హత కాదు. గెలిచాక నల్లకోటు వదిలేయాలన్నదీ పుకారే, చట్టసభ సభ్యులు ప్రాక్టీస్ చేసుకోవచ్చని సుప్రీంకోర్టు 2018లోనే చెప్పేసింది.

అఫిడవిట్‌లో గడి ఖాళీగా వదలొద్దు. ఏమీ లేకపోతే నిల్ అని రాయండి. అధికారి చెప్పాక కూడా ఖాళీగా ఉంచితే నామినేషన్ తిరస్కరించవచ్చని 2013లో తీర్పు ఉంది.

యూనిఫాం ఫోటోతో ఫ్లెక్సీ వద్దు, ఎవరెంత చెప్పినా వద్దు. సైనికుల ఫోటోలు ప్రచారంలో వాడొద్దని ఎన్నికల సంఘం 2013లో పార్టీలకు చెప్పింది, 2019 మార్చిలో మళ్లీ గుర్తుచేసింది. ఫౌజీ అనగానే ఓట్లు రాలతాయన్నది కూడా మన భ్రమే. ఫైటర్ విమానాలు నడిపిన ఉత్తమ్ కుమార్ రెడ్డి గారే 1994లో కోదాడలో ఓడి, 1999లో గెలిచారు.

ఇండిపెండెంట్‌కి పదిమంది ప్రపోజర్లు ఎందుకు, గుర్తింపు ఉన్న పార్టీవాళ్లకు ఒక్కరే ఎందుకు అని నన్ను తిట్టేవాళ్లకు ఒక మాట. 1996లో ఫ్లోరైడ్ నీళ్ల గోస ఢిల్లీకి వినపడాలని మన నల్లగొండ పార్లమెంటుకి 480 మంది నిలబడ్డారు, బ్యాలెట్ పుస్తకమంత అయ్యి పోలింగే వాయిదా పడింది. ఆ ఏడాదే చట్టం మారి పదిమంది లెక్క వచ్చింది, 500 ఉన్న పార్లమెంటు డిపాజిట్ 10,000 అయింది. ఇప్పుడది 25,000. తిడితే మన బోరు నీళ్లను తిట్టాలి.

సుబేదార్ సాబ్ సంగతి చెప్పి ఆపుతా. మొన్న 2025 డిసెంబర్ పంచాయతీ ఎన్నికల్లో ఆయన కోడలు సర్పంచ్‌కి నిలబడింది, ఆ టీవీ వెనక నోటీసు పెట్టిన అమ్మాయే. లెక్కలన్నీ మామే చూశారు. ఫౌజ్ నుంచి తెచ్చుకున్న నల్ల ట్రంకు పెట్టెలో, మూత మీద తెల్ల రంగుతో ఆర్మీ నంబరు ఇంకా అలాగే ఉంది, కరపత్రాల బిల్లు నుంచి అరటిపళ్ల చిట్టీ దాకా తేదీల వారీగా పేర్చారు. అమ్మాయి ఓడింది. ఫలితం వచ్చిన తొమ్మిదో రోజు ఎంపీడీవో ఆఫీసులో లెక్క ఇచ్చి రసీదు తీసుకున్నారు. దాని మీద సీలు సగమే పడిందని మళ్లీ వెనక్కి పోయి ఇంకోటి కొట్టించుకొచ్చారట.