గాలిగోపురం నుంచి తీసిన తిరుపతి ఫొటో ఎందుకు వెలిసిపోతుంది?

ధనుర్మాసంలో అలిపిరి మెట్ల దారిన కొండకు నడిచిన చిత్తూరు పాఠకుడు ఒకరు, తెల్లవారగానే గాలిగోపురం దగ్గర తీసిన తిరుపతి ఫొటోలను చూపించారు. కంటికి చక్కగా కనిపించిన ఊరు ఫొటోలో ఎందుకు వెలిసిపోయిందని, ఖరీదైన జూమ్ లెన్స్ కొంటే ఈ లోపం తీరుతుందా అని ఆయన ప్రశ్న. లెన్స్ కొననవసరం లేదు. ఆ తెలుపంతా గాలిగోపురానికీ గోవిందరాజస్వామి ఆలయానికీ నడుమ ఉన్న సుమారు 4 కిలోమీటర్ల గాలిలో తయారైనది.

గాలిలోని ధూళి దృశ్యాన్ని కప్పేస్తుందని చాలామంది అనుకుంటారు. ఇది సగం నిజమే. ఊళ్ళోని మేడల నుంచి మనవైపు వచ్చే వెలుగులో కొంత భాగం దారిలోనే చెదిరిపోతుంది. అంతకంటె పెద్ద నష్టం మరొకటి ఉంది. మన చూపు సాగే దారిలో ఉన్న గాలి మీద కూడా ఎండ పడుతుంది, అందులో కొంత మన కంటివైపు తిరుగుతుంది. ఊరితో ఏ సంబంధమూ లేని ఈ అదనపు వెలుగును గాలివెలుగు అని పిలుచుకుందాం.

పగలు దోమతెర లోపల పడుకుని చూస్తే గది స్పష్టంగానే కనిపిస్తుంది. రాత్రి తెర లోపల టార్చిలైటు వేయగానే తెర తెల్లగా మెరిసి గది మాయమవుతుంది. దారాలు రెండు వేళలా అవే, సందులూ అవే, మారినది తెర మీద పడే వెలుగు ఒక్కటే. ఇప్పుడు అలాంటి తెరలను గాలిగోపురం నుంచి ఊరిదాకా వందల సంఖ్యలో ఒకదాని వెనుక ఒకటి కట్టినట్టు ఊహించండి. ప్రతి తెరా వెనుక నుంచి వచ్చే వెలుగులో నూటికి ఒక వంతు ఆపి, దాని స్థానంలో తన సొంత తెలుపును అంతే కలుపుతుందనుకుందాం. రెండో తెర ఆపేది మిగిలిన తొంభై తొమ్మిదిలో నూటికి ఒక వంతు, మూడోది ఆ తరువాత మిగిలిన దానిలో నూటికి ఒక వంతు. నలుపుకూ తెలుపుకూ మధ్య తేడా, అంటే కాంట్రాస్టు, ఇలా దూరంతో ఘాతీయంగా పడిపోతుంది. ఈ లెక్కను 1924లో జర్మన్ శాస్త్రవేత్త కోష్మీడర్ సూత్రంగా రాశాడు. కాంట్రాస్టు నూటికి రెండు వంతులకు తగ్గిన చోట చూపు ఆగిపోతుందని ఆయన తీసుకున్న ప్రమాణం. ఆ ప్రకారం, చూపు 20 కిలోమీటర్లు అందే రోజున 4 కిలోమీటర్ల అవతలి గోవిందరాజస్వామి గోపురం కాంట్రాస్టులో 46 శాతం మిగులుతుంది. చూపు 10 కిలోమీటర్లే అందితే మిగిలేది 21 శాతం, 5 కిలోమీటర్లయితే కేవలం 4 శాతం. జూమ్ లెన్స్ గోపురాన్ని పెద్దది చేసి చూపగలదు గానీ నడుమనున్న తెరల్లో ఒక్కదాన్ని కూడా తీసివేయలేదు. కంటికి ఊరు బాగానే కనిపించడానికి కారణం మన మెదడు: మసకను కొంతవరకు తనంతట తానే లెక్కలోంచి తీసేస్తుంది. కెమెరాకు ఆ దయ లేదు.

ఆకాశం నీలంగా ఎందుకు ఉంటుందనేది మన బడుల్లో రెండు మార్కుల ప్రశ్న. ఆంగ్ల శాస్త్రవేత్త రేలీ పేరు రాస్తే మార్కులు పడతాయి. పిల్లలను మేడ మీదికి తీసుకెళ్ళి, పచ్చని చెట్లున్న శేషాచలం దూరానికి నీలంగా ఎందుకు కనిపిస్తుందో అడిగే మాస్టారు అరుదు. రెండింటికీ జవాబు ఒకటే. గాలి అణువుల పరిక్షేపణం, అంటే అవి వెలుగును చెదరగొట్టడం, తరంగదైర్ఘ్యపు నాలుగో ఘాతానికి విలోమంగా ఉంటుందని రేలీ 1871లో చూపాడు. అందుచేత 450 నానోమీటర్ల నీలం, 650 నానోమీటర్ల ఎరుపు కంటె నాలుగు రెట్లకు పైగా చెదురుతుంది. గాలి అణువులే ఉండి మరేమీ లేకపోతే చూపు దాదాపు 300 కిలోమీటర్లు అందేది. ఫొటోలో తెల్లదనం తెచ్చేవి అణువులు కావు, వెలుగు తరంగదైర్ఘ్యంతో పోల్చదగిన పరిమాణమున్న కణాలు. ఇవి అన్ని రంగులనూ ఇంచుమించు సమానంగా చెదరగొడతాయి. వీటిలో ఉప్పు, సల్ఫేటు కణాలు తేమను పీల్చి ఉబ్బుతాయి. గాలిలో సాపేక్ష ఆర్ద్రత 75 శాతం దాటితే ఉప్పు కణం కరిగి నీటిబొట్టుగానే మారిపోతుంది. ధనుర్మాసపు తెల్లవారుజామున తేమ అత్యధికం. పైగా నేలనంటిన చల్లగాలి మీద వెచ్చని గాలి మూతలా నిలవడంతో పొయ్యిల పొగ, వాహనాల పొగ కిందనే చిక్కుకుంటాయి. కొండ మీది నుంచి మన చూపు ఆ పొరను ఏటవాలుగా చీల్చుకుంటూ వెళ్ళాలి.

ఇక సూర్యుడి స్థానం. దోమతెర పోలిక ఇక్కడ చెల్లదు, ఎందుకంటే ఈ కణాలు తమ మీద పడిన వెలుగులో అత్యధిక భాగాన్ని వెనక్కి తిప్పవు, ముందుకే విసురుతాయి. సూర్యుడు మనకు ఎదురుగా ఉంటే గాలివెలుగు విపరీతంగా పెరుగుతుంది. గాలిగోపురం నుంచి పాత ఊరు ఆగ్నేయంగా ఉంది. డిసెంబరులో తిరుపతి సూర్యోదయం నిక్కమైన తూర్పుకు 24 డిగ్రీలు దక్షిణంగా జరుగుతుంది, అంటే ఎండ ఇంచుమించు కెమెరా ముఖానికే వస్తుంది. మన పాఠకుడు తేమ, పొగ, ఎదురెండ అన్నీ కలిసిన ఘడియనే ఎంచుకున్నారన్నమాట! జూన్‌లో పరిస్థితి తలకిందులవుతుంది. తిరుపతి అక్షాంశం 13.6 డిగ్రీలు కాబట్టి ఏప్రిల్ చివరి నుంచి ఆగస్టు మధ్యదాకా మిట్టమధ్యాహ్నపు సూర్యుడు కూడా ఊరికి ఉత్తరంగానే ఉంటాడు. జూన్ సాయంత్రం పడమటికి 24 డిగ్రీలు ఉత్తరంగా, కొండ మీద నిలబడి ఊరివైపు చూసేవారి వీపు వెనుక దిగుతాడు. ఒక వాన కురిసి గాలిని కడిగిన తరువాతి సాయంత్రానికి మించిన లెన్స్ లేదు. జూన్ ఉదయమైతే సూర్యుడు ఎడమ పక్కన దాదాపు లంబకోణంలో ఉంటాడు. అణువుల నుంచి ఆ కోణంలో వచ్చే వెలుగు బాగా ధ్రువీకృతమై, అంటే ఎక్కువగా ఒకే దిశలో కంపిస్తూ, ఉంటుంది కనుక, పోలరైజర్ ఫిల్టరును తిప్పి గాలివెలుగులో కొంత భాగాన్ని కోసివేయవచ్చు. మంచు కమ్మిన రోజున ఆ ఫిల్టరు పెద్దగా పనిచేయదు.

ఫొటోగ్రాఫర్లకు శత్రువైన ఈ చెదిరిన వెలుగే శాస్త్రజ్ఞులకు పనిముట్టు. తిరుపతి నుంచి చిత్తూరు వెళ్ళే దారిలో గాదంకి దగ్గరున్న జాతీయ వాతావరణ పరిశోధన ప్రయోగశాలలో లైడార్‌తో ఆకాశంలోకి ఆకుపచ్చ లేజర్ స్పందనలను పంపి, వెనక్కి తిరిగివచ్చే కొద్దిపాటి వెలుగును బట్టి ఏ ఎత్తున ఎంత ధూళి ఉందో కొలుస్తారు.

ఇప్పటికే తీసిన ఫొటోను బాగుచేయడానికి కూడా ఇదే సూత్రం పనికివస్తుంది. కంప్యూటర్ శాస్త్రవేత్త కైమింగ్ హే బృందం 2009లో ఒక చక్కని పద్ధతిని ప్రచురించింది. మసక లేని ఆరుబయటి ఫొటోలో ఆకాశం తప్ప దాదాపు ఏ చిన్న ముక్కను తీసుకున్నా, ఎరుపు, ఆకుపచ్చ, నీలం రంగుల్లో ఏదో ఒకటి ఎక్కడో ఒకచోట దాదాపు సున్నాగా ఉంటుంది: ఒక నీడ, ఒక ఆకు, ఒక ఎర్రని బోర్డు. అక్కడ సున్నాకు బదులు మరేదైనా విలువ ఉంటే అది గాలివెలుగు చేర్చినదే; దానిని బట్టి గాలి పొర మందాన్ని అంచనా వేసి తీసివేయవచ్చు. దీనికి ఒక్కో రంగులో 256 వెలుగు మెట్లు మాత్రమే ఉండే మామూలు జేపెగ్ కంటె, కెమెరా సెన్సరు నమోదు చేసినదాన్ని ఉన్నదున్నట్టు దాచే రా ఫైలు మేలు. 14 బిట్ల రా ఫైలులో 16,384 మెట్లుంటాయి. అయితే నీడ పడని తెల్లని వస్తువును చూసి ఈ పద్ధతి మోసపోతుంది. తిరుపతి ఫొటోలో గోవిందరాజస్వామి ఆలయపు తెల్లని గోపురాన్ని మంచుగా పొరబడి అనవసరంగా నల్లబరుస్తుంది కనుక, ఆ భాగాన్ని విడిగా ఎంచుకుని సవరణను తగ్గించుకోవాలి.