336 ఓట్లు, ఒక గోడ

అమెరికాలో చర్చికీ ప్రభుత్వానికీ మధ్య ఉండాల్సిన ‘గోడ’ గురించి మాట వస్తే, చర్చ నేరుగా సుప్రీంకోర్టు తీర్పుల మీదికి వెళ్లిపోతుంది. కానీ కోర్టులు ఈ విషయంలో వేలు పెట్టకముందే, నూటయాభై ఏళ్లకు పైగా దీన్ని తేల్చింది ఎక్కువగా ఎన్నికలే. అదీ ఓటు హక్కు చాలావరకు ఆస్తి ఉన్న తెల్ల మగవాళ్ల చేతిలోనే ఉన్న రోజుల్లో మొదలైంది.

అమెరికా విప్లవానికి ముందు వర్జీనియాలో ఆంగ్లికన్ చర్చి (ఇంగ్లండ్ అధికారిక చర్చి) ప్రభుత్వ చర్చి. నమ్మినా నమ్మకపోయినా దాని పాస్టర్ల జీతాలకు అందరూ పన్ను కట్టాల్సిందే. లైసెన్సు లేకుండా బోధించిన బాప్టిస్టులను (వేరే క్రైస్తవ శాఖ వాళ్లను) జైల్లో వేసేవారు. కల్పెపర్ జైల్లో పడ్డ జేమ్స్ ఐర్లండ్ కిటికీ ఊచల వెనక నుంచే బయట గుమిగూడిన జనానికి బోధించాడు.

1784లో వర్జీనియా నాయకుడు ప్యాట్రిక్ హెన్రీ మెత్తగా కనిపించే బిల్లు ఒకటి ముందుకు తెచ్చాడు. పన్ను అందరూ కట్టాలి, అది ఏ క్రైస్తవ శాఖకు వెళ్లాలో ఎవరికి వారు చెప్పుకోవచ్చు. వినడానికి న్యాయంగానే ఉంది. అదే శాసనసభలో ఉన్న జేమ్స్ మాడిసన్ మాత్రం ఒప్పుకోలేదు. ఓటింగ్ వాయిదా పడేలా చూసి, 1785లో ఒక నిరసన పత్రం రాశాడు. బాప్టిస్టులు, ప్రెస్బిటేరియన్ల పిటిషన్లు శాసనసభకు వెల్లువెత్తాయి. బిల్లు అటకెక్కింది. 1786 జనవరిలో దాని బదులు థామస్ జెఫర్సన్ రాసిన మతస్వేచ్ఛ చట్టం నెగ్గింది. జెఫర్సన్ అప్పటికి పారిస్‌లో రాయబారి, సభలో బిల్లును గట్టెక్కించింది మాడిసనే.

అసలు మలుపు 1789 ఎన్నిక. కొత్త రాజ్యాంగంలో హక్కుల పట్టిక లేదు, దాని అవసరం లేదని మాడిసనే వాదించి ఉన్నాడు. తొలి కాంగ్రెస్‌కు, అంటే అమెరికా పార్లమెంటుకు, ఆయన పోటీ చేస్తే ఎదురు నిలబడింది జేమ్స్ మన్రో. జైళ్లు చూసిన బాప్టిస్టుల ఓట్లు ఎటు పడతాయో తెలియని టెన్షన్. జనవరి 2న మాడిసన్ జార్జ్ ఈవ్ అనే బాప్టిస్టు బోధకుడికి ఉత్తరం రాసి, మనస్సాక్షి హక్కు సహా సవరణలు తేవడానికి సిద్ధమని మాటిచ్చాడు. మాడిసన్‌కు 1,308 ఓట్లు, మన్రోకు 972. తేడా 336. ఆ మాట నిలబెట్టుకోబట్టే, ప్రభుత్వ మతాన్ని నెలకొల్పకూడదని, మతస్వేచ్ఛను అడ్డుకోకూడదని చెప్పే మొదటి సవరణ 1791లో వచ్చింది.

అయితే ఆ సవరణ కట్టడి చేసింది కాంగ్రెస్‌ను మాత్రమే, రాష్ట్రాలను కాదు. 1802లో జెఫర్సన్ ‘గోడ’ అనే మాట వాడింది కనెక్టికట్‌లోని డాన్‌బరీ బాప్టిస్టులకు రాసిన జవాబులోనే. కానీ వాళ్ల రాష్ట్రంలో ఆ గోడ ఇంకా లేవలేదు. 1817లో అక్కడి పాత పాలక వర్గం గవర్నర్ ఎన్నికలో ఓడిపోయింది, మరుసటి ఏడాది ఓటర్లు ఆమోదించిన కొత్త రాజ్యాంగంతో ప్రభుత్వ చర్చి పోయింది. ఆ మార్పును గట్టిగా వ్యతిరేకించిన పాస్టర్ లైమన్ బీచర్, చర్చికి అదే మేలు చేసిందని తర్వాత ఒప్పుకున్నాడు. మసాచుసెట్స్ అయితే 1833 దాకా ఆగింది. అక్కడా తేల్చింది ఓటర్లే.

ప్రభుత్వ మతం ఉండకూడదన్న మొదటి సవరణ నిబంధనను సుప్రీంకోర్టు రాష్ట్రాలకు వర్తింపజేసింది 1947లో, ఎవర్సన్ కేసులో. 1962లో ప్రభుత్వ బడుల్లో అధికారిక ప్రార్థన చెల్లదంది. 2022లో మాత్రం, ఆట ముగిశాక మైదానంలో ప్రార్థన చేసిన ప్రభుత్వ బడి ఫుట్‌బాల్ కోచ్ వైపు 6-3తో తీర్పు ఇచ్చింది. ఆ ఆరుగురిలో ముగ్గురిని నియమించింది 2016లో గెలిచిన అధ్యక్షుడే. వాళ్లను ఖరారు చేసింది సెనేట్, అదీ ఓట్లతో ఏర్పడిన సభే. 2024లో ప్రభుత్వ బడుల తరగతి గదుల్లో బైబిల్‌లోని పది ఆజ్ఞలు పెట్టాలని లూసియానా శాసనసభ చట్టం చేస్తే, అది వెంటనే కోర్టుకెక్కింది.