లోక్‌సభకు పోటీ చేయదలచినవారికి: అపోహలు - వాస్తవాలు

ఎన్నికల వ్యవహారాలు చూసే న్యాయవాదిగా హైదరాబాద్‌లో నన్ను కలిసే స్వతంత్ర అభ్యర్థులలో చాలామంది ప్రచారానికి నెలల ముందే సిద్ధమవుతారు కానీ, నామినేషన్ పత్రాలను మాత్రం చివరి రోజు వరకు ముట్టుకోరు. సామాన్యులు ధైర్యం చేసి బరిలోకి దిగినప్పుడు వారి భవిష్యత్తు తేలవలసింది ఓటర్ల చేతిలోనే తప్ప నామినేషన్ల పరిశీలన బల్ల మీద కాదు.

అపోహ: పోటీ చేసే నియోజకవర్గంలోనే ఓటు ఉండాలి.

వాస్తవం: 25 ఏళ్లు నిండి, దేశంలోని ఏ లోక్‌సభ నియోజకవర్గంలో ఓటరుగా ఉన్నా చాలు. ఓటు మరో నియోజకవర్గంలో ఉంటే ఆ ఓటరు జాబితా ధ్రువీకృత ప్రతిని నామినేషన్‌తో పాటుగానైనా, పరిశీలన సమయానికైనా అందజేయాలి.

నామినేషన్‌పై సంతకం చేసి అభ్యర్థి పేరును ప్రతిపాదించే ప్రతిపాదకులకు ఈ వెసులుబాటు లేదు. గుర్తింపు పొందిన పార్టీ అభ్యర్థికి ఒక్క ప్రతిపాదకుడు సరిపోతాడు. స్వతంత్రులకు, గుర్తింపు లేని పార్టీల వారికి పది మంది కావాలి, ఆ పది మందీ అదే నియోజకవర్గం ఓటర్లై ఉండాలి. మన నగరంలో ఎక్కువ పొరపాట్లు జరిగేది ఇక్కడే. సికింద్రాబాద్ కంటోన్మెంట్ అసెంబ్లీ స్థానం పేరులో సికింద్రాబాద్ ఉన్నా అది మల్కాజిగిరి లోక్‌సభ పరిధిలోనిది. శేరిలింగంపల్లి చేవెళ్ల కిందికి వస్తుంది. ప్రతిపాదకుడి ఓటరు జాబితా క్రమసంఖ్యలో దొర్లిన చిన్న తప్పును నామినేషన్లు పరిశీలించే రిటర్నింగ్ అధికారి సరిచేయనివ్వవచ్చు గానీ, పదిలో ఒక్కరు వేరే నియోజకవర్గం ఓటరైతే ఆ పత్రం నిలవదు. ఒక స్థానానికి నాలుగు సెట్ల వరకు నామినేషన్ పత్రాలు దాఖలు చేయవచ్చు, డిపాజిట్ ఒక్కసారి కడితే చాలు. అందుకే ఒక్కో సెట్‌పై వేర్వేరు పది మందితో సంతకాలు చేయించమని నేను గట్టిగా చెబుతాను.

అపోహ: నామినేషన్‌తో ఇచ్చే ప్రమాణ పత్రంలో (అఫిడవిట్‌లో) తమకు సంబంధం లేని గడులను ఖాళీగా వదిలేయవచ్చు.

వాస్తవం: రిటర్నింగ్ అధికారి గుర్తు చేసిన తరువాత కూడా గడులను ఖాళీగా ఉంచితే నామినేషన్‌ను తిరస్కరించవచ్చని 2013లో సుప్రీంకోర్టు స్పష్టం చేసింది. ప్రతి గడిలోనూ "లేదు" అనో, "వర్తించదు" అనో రాయాలి. అభ్యర్థిగా రాజ్యాంగానికి విధేయత ప్రకటిస్తూ చేసే ప్రమాణ స్వీకారం విషయంలోనూ ఇంతే జాగ్రత్త అవసరం: అది నామినేషన్ వేసిన తరువాత, పరిశీలన తేదీకి ముందే పూర్తి కావాలి కనుక పరిశీలన రోజు ఉదయం చేస్తానంటే కుదరదు.

అపోహ: అభ్యర్థులు వంద మంది దాటితే బ్యాలెట్ పత్రాలతోనే పోలింగ్ జరుగుతుంది.

వాస్తవం: 2019లో నిజామాబాద్‌లో 185 మంది బరిలో నిలిచినా ఓటింగ్ యంత్రాలతోనే జరిగింది.

అపోహ: నోటా ఓట్లు పెరిగితే డిపాజిట్ దక్కడం కష్టమవుతుంది.

వాస్తవం: ఆ లెక్కలో నోటాను చేర్చరు. చెల్లిన ఓట్లలో ఆరో వంతు కంటే ఎక్కువ వస్తే 25,000 రూపాయలు తిరిగి వస్తాయి. ఎస్సీ, ఎస్టీ అభ్యర్థులు జనరల్ స్థానంలో పోటీ చేసినా 12,500 రూపాయలు కడితే చాలు.

అపోహ: ఓడిపోయినవారు ఖర్చుల లెక్క చూపనవసరం లేదు.

వాస్తవం: అన్నిటికంటే ఎక్కువ నష్టం చేసే నమ్మకం ఇదే. గెలిచినా ఓడినా, ఫలితం వెలువడిన 30 రోజుల్లోగా జిల్లా ఎన్నికల అధికారికి లెక్కలు సమర్పించాలి. తగిన కారణం లేకుండా మానేస్తే ఎన్నికల సంఘం మూడేళ్లపాటు అనర్హత విధించవచ్చు. తెలంగాణలో లోక్‌సభ అభ్యర్థి వ్యయ పరిమితి 95 లక్షల రూపాయలు. అంత ఖర్చు పెట్టే శక్తి లేదు కనుక తమకు లెక్కతో పని లేదనుకునేవారే ఎక్కువగా చిక్కుల్లో పడతారు, ఎందుకంటే నిబంధన పెట్టిన ఖర్చు ఎంతైనా సరే దాన్ని చూపమంటుంది. నామినేషన్‌కు కనీసం ఒక రోజు ముందు ఎన్నికల కోసమే విడిగా బ్యాంకు ఖాతా తెరిచి, ఆ ఖాతా ద్వారానే ఖర్చు చేయాలి. ఒకే వ్యక్తికి లేదా సంస్థకు 10,000 రూపాయలకు మించిన చెల్లింపు నగదుగా ఇవ్వకూడదు. ముందుగా అచ్చు వేయించిన కరపత్రాలనైనా నామినేషన్ తరువాత పంచితే వాటి ఖరీదు మీ లెక్కలోకే వస్తుంది. అందువల్ల అచ్చుపని, వాహనాలు, షామియానాల రసీదులను ఏ రోజువి ఆ రోజే రిజిస్టరులోకి ఎక్కించే బాధ్యతను నమ్మకమైన ఒకరికి నామినేషన్‌కు ముందే అప్పగించండి.